మచ్చలేని ఊపిరితిత్తులు

డాక్టర్ నరేంద్రబాబు శవం అల్లూరు దగ్గర ఒక రొయ్యల గుంటలో తేలింది. సముద్రపు ఒడ్డున కొత్తగా వెలసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయన రేడియాలజిస్టు. కాలు జారి పడ్డాడని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. మెడ మీద సూది గుర్తు ఉందని పోస్ట్‌మార్టంలో తేలింది. చనిపోయే ముందురోజు ఆయన ఇంటెలిజెన్స్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఇక్కడి స్కాన్లు అబద్ధం చెబుతున్నాయని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

చీఫ్ పద్మనాభయ్య ఏజెంట్ పెంచలకృష్ణను పిలిపించాడు. పెంచలకృష్ణది అదే జిల్లాలోని కోవూరు. ఆ మనుషులూ ఆ యాసా అతనికి కొత్త కాదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. లెనార్ట్ అనే విదేశీయుడు వైరల్ నిమోనియా ముదిరిన రోగులకు స్టెమ్ సెల్స్ అనే మూలకణాలు ఎక్కిస్తున్నాడు. మసక కమ్మిన ఊపిరితిత్తులు వారాల్లో తేటపడినట్టు సీటీ స్కాన్లు చూపిస్తున్నాడు. సరిహద్దు దళాల కోసం ఆ మందును భారీగా కొనడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తోంది. లెనార్ట్ వెనక ఉన్నది మాత్రం ఒక శత్రుదేశపు గూఢచారి ముఠా.

“ఆ సీసాల్లో మందు లేకపోతే, మహమ్మారి వచ్చిననాడు మన జవాన్లు ఊపిరాడక చస్తారు. శత్రువు ఒక్క తూటా కూడా పేల్చక్కర్లేదు,” అన్నాడు చీఫ్.

లోపల మన మనిషి ఉన్నారా అని పెంచలకృష్ణ అడిగాడు. షాహనా అని ఒకామె ఉందనీ, లెనార్ట్‌కు కుడిభుజమనీ, అటు వాళ్లకూ ఇటు మనకూ పనిచేస్తోందనీ, ఆమెను పూర్తిగా నమ్మవద్దనీ చీఫ్ చెప్పాడు.

పెంచలకృష్ణ సీటీ టెక్నీషియన్ రవి కుమార్‌గా ఆసుపత్రిలో చేరాడు. మందపాటి కళ్లజోడు, జేబుకు రేడియేషన్ బ్యాడ్జి. ఆ బ్యాడ్జిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. వచ్చిన వెంటనే ఒక మందు సీసా దొంగిలించి ల్యాబ్‌కు పంపాడు.

షాహనా నల్ల సిల్కు చీరలో, నడవా అంతా సెంటు పరిమళంతో నింపుతూ స్కాన్ గదికి వచ్చింది.

“జువ్వలదిన్నెలో వేట ఎట్టా ఉంది?”

“పడవలింకా రాలేదు.”

కోడ్ కలిసింది. ఆమె తలుపు మూసి, తన నుంచి ఏ సాయమూ ఆశించవద్దని చెప్పింది. ఆమె తల్లి జమాల్‌బీ ఐసీయూలో ఉంది. లెనార్ట్ ఆమెకు సెల్స్ ఎక్కిస్తున్నాడు. స్కాన్ బాగుపడింది. తను ఎదురు తిరిగితే వైద్యం ఆగిపోతుంది.

పెంచలకృష్ణ జమాల్‌బీ స్కాన్లు రెండూ తెర మీద పక్కపక్కన పెట్టాడు. మొదటిదాంట్లో ఊపిరితిత్తుల కింది భాగమంతా తెల్లటి మసక. రెండోది శుభ్రంగా ఉంది.

“ఇంత జబ్బు తగ్గినాక చారలైనా మిగలాల. దీంట్లో మచ్చ కూడా లేదు. మీ అమ్మకి ఎప్పుడన్నా ఎముకలు విరిగినాయా?”

“నా చిన్నప్పుడు బస్సులోంచి పడింది. ఎడమ పక్క.”

అతను మొదటి స్కాన్‌లో పక్కటెముకల మీద అతుకు పడిన ముడులు చూపించాడు. రెండోదాంట్లో అవే ఎముకలు నున్నగా ఉన్నాయి.

“ఏ మందూ ఈ ముడుల్ని చెరపలేదు. ఈ ఊపిరితిత్తులు మీ అమ్మవి కావు.”

ఆ ఉదయం తనే తీసిన అసలు స్కాన్ తెరిచాడు. మసక గట్టిపడి తెల్లగా పేరుకుంది. అంచులు తేనెపట్టులా చిల్లులు పడ్డాయి.

షాహనా తెర మీది ఆ చిల్లులపై వేలు పెట్టింది.

“మా అమ్మకి ఎక్కించింది ఏంది?”

“ఉప్పునీళ్లు. ల్యాబ్ రిపోర్టు వచ్చింది.”

ఆమె తలుపు దాకా వెళ్లి ఆగింది.

“రేపు మీటింగులో స్లైడ్లు వేసేది నేనే. నిజం చూపిస్తే లెనార్ట్ సైగ చేస్తాడు, అమ్మకి ఆక్సిజన్ కట్టేస్తారు. మీరు అమ్మ దగ్గర ఉండాల.”

అతను బ్యాడ్జి తీసి ఆమెకిచ్చాడు.

మర్నాడు ఆమె దాన్ని కొంగులో దాచుకుని హాల్లోకి వెళ్లింది. బయట కమాండోలు మాటు వేశారు. పెంచలకృష్ణ ఇయర్‌ఫోన్‌తో జమాల్‌బీ మంచం పక్కన నిలబడ్డాడు. అవతల హాల్లో లెనార్ట్ జమాల్‌బీ పేరు చెప్పి, ఇదే మా గొప్ప విజయమంటున్నాడు. ఢిల్లీ అధికారి పెన్ను అడిగాడు. ఆ తర్వాత షాహనా గొంతు వినిపించింది.

“మీరు చూసింది దొంగ స్కాన్. ఇదీ అసలుది. పేషెంట్ మా అమ్మ.”

మరుక్షణం ఫోన్లో లెనార్ట్ సైగ అందుకుని, వార్డుబాయ్ వేషంలో ఉన్నవాడు ఆక్సిజన్ వాల్వు తిప్పేశాడు. వాడి రెండో చేతిలో సిరంజి ఉంది. పెంచలకృష్ణ ఆ చెయ్యి మెలితిప్పి విరిచాడు. జమాల్‌బీ పెదవులు నీలమవుతుండగా వాల్వు మళ్లీ తెరిచాడు. ఆమె ఛాతీ లేచింది.

హాల్లో కమాండోలు లెనార్ట్‌ను నేలకు అదిమారు. ఒప్పందం మీద సంతకంలో మొదటి అక్షరమే పడింది.

రోగులందర్నీ నెల్లూరుకు తరలించారు. కొందరు బతికారు. జమాల్‌బీ బతకలేదు. ఆ దొంగ స్కాన్‌ను తను నమ్మకుండా ఉంటే అమ్మ దక్కేదా అని షాహనా అడిగింది. వేళకు సరైన వైద్యం అందితే దక్కేదని పెంచలకృష్ణకు తెలుసు.

కొన్నాళ్లకు జైల్లో లెనార్ట్‌కు జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. వైరల్ నిమోనియా అన్నారు. జైలు డాక్టరు ఏ వైద్యం కావాలని అడిగితే, ఆక్సిజన్ పెట్టి స్టెరాయిడ్లు ఇవ్వమన్నాడట, స్టెమ్ సెల్స్ మాత్రం వద్దన్నాడట.