ఇంకా చిన్నది చేసుకోండి

ఉప్పళం బడిలో చేరిన మొదటి రోజే జనని మిస్‌తో నాకు పడలేదు. లెక్కలు చెప్పడానికి వచ్చినవాణ్ణి స్టాఫ్ రూములో నిలబెట్టి, ఈరోజు మీ గోల్ ఏమిటి సార్ అని అడిగితే ఎవరికి మండదు?

అది ఆవిడ పెట్టిన పద్ధతి. పొద్దున పిల్లలు క్లాసుల్లో, మేము స్టాఫ్ రూములో, ఆ రోజు చేయాల్సిన చిన్న పని ఒకటి పైకి చెప్పాలి. సాయంత్రం అది అయిందో లేదో చెప్పి, ఎవరో ఒకరికి థాంక్స్ చెప్పాలి. పని అవకపోయినా తిట్లేమీ లేవు. మర్నాటికి దాన్ని ఇంకా చిన్నది చేసుకోవాలి, అంతే. ఏ భాషలో చెప్పినా సరేనట. దేవరాజన్ సార్ అయితే ఫ్రెంచ్‌లో దంచేవారు.

మేము ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఈ తమిళ ఊళ్ళో ఎవరికి తెలుసులే అనుకుని, మొహం సీరియస్‌గా పెట్టి నా వంతు చెప్పాను.

“ఈ పొద్దంతా ఈయమ్మ సతాయింపుకి కోపం తెచ్చుకోకుండా ఉండాల.”

సాయంత్రం ఆవిడ అయిందా అని తమిళంలో అడిగింది. లేదన్నాను. అయితే చిన్నది చేసుకోండి, రేపు మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటే చాలు అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఎనిమిదో తరగతిలో పరిమళ అని ఒక పిల్ల. నా క్లాసులో నోరు తెరిచేది కాదు. లెక్కల్లో ఒక డౌటు అడగాలన్నది ఆ పిల్ల గోల్. రోజూ కాలేదనే చెప్పేది. అడగొద్దులే, ఊరికే చెయ్యెత్తు అని జనని మిస్ దాన్ని చిన్నది చేసింది. ఒకరోజు చెయ్యి లేచింది. వారం తిరక్కుండా డౌటూ వచ్చింది. ఆ సాయంత్రం క్లాసులో పరిమళ లేచి నిలబడి, లెక్కల సార్ విసుక్కోలేదు, ఆయనకు థాంక్స్ అంది. నేను చేసిందేముంది? చేసిన మనిషి తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది.

అంతే, పడిపోయాను.

మర్నాడు నా గోల్ మారింది. ఈయమ్మకి నా మనసులో మాట చెప్పాల. ఆవిడ మొహం చూస్తూనే, అందరి ముందే, తెలుగులో అన్నాను. సాయంత్రానికి కాలేదు. చిన్నది చేసుకోమంది. టీకి పిలవాల అన్నాను. కాలేదు. పక్కన కూర్చోవాల అన్నాను. లోగనాయకి మిస్ ఆ కుర్చీ వదిలితే కదా! గొడుగు ఇవ్వాల అన్న రోజు మాత్రం మధ్యాహ్నం వాన దంచింది. గొడుగు ఇచ్చేసి, తడిబట్టలతోనే క్లాసు చెప్పాను. సాయంత్రం అయింది అనగానే ముందు చప్పట్లు కొట్టింది ఆవిడే. అక్కణ్ణించి మళ్ళీ పెద్ద గోల్‌కి ఎక్కడం నా వల్ల కాలేదు.

ఇంతలో ఆర్డరు వచ్చింది. జనని మిస్‌కు కారైక్కాల్ ట్రాన్స్‌ఫర్, సోమవారమే చేరాలి. శుక్రవారం పొద్దున నా వంతు వచ్చింది. ఈ రోజు దాటితే ఇంకేం లేదని తెలుసు.

“ఈ పొద్దు ఆమెకి నవ్వుతా పోయిరాండి అని చెప్పాల,” అన్నాను. అంతకన్నా చిన్నది దొరకలేదు.

తర్వాత ఆవిడ వంతు. తమిళం పక్కన పెట్టి, అచ్చం మా ఇంటి తెలుగులో మొదలుపెట్టింది.

“నవనీత్ సారు చెప్పకపోతే ఈ పొద్దు నేనే చెప్పాల. ఆయన చిన్నది చేసుకుంటా చేసుకుంటా యాడికో పోయినారు. నాకు ఆయనంటే ఇష్టం.”

దేవరాజన్ సార్ అర్థం కాకపోయినా తల ఊపారు. నేను వరండాలోకి ఆవిడ వెనకే పరిగెత్తాను. తెలుగొచ్చని మొదటి రోజే చెప్పుండచ్చు గదా అన్నాను.

“చెప్పుంటే మీరు నోరు మూసుకోని ఉంటారు గదా, సార్.”

“నాకూ నువ్వంటే ఇష్టం, జననీ. ఆ మొదటి రోజు తప్ప.”

సాయంత్రం సామాన్లు తీసుకెళ్ళడానికి జనని వాళ్ళమ్మ హేమావతి వచ్చి, స్టాఫ్ రూము తలుపు దగ్గర నిలబడింది. అప్పుడే నేను థాంక్స్ చెప్పే వంతు వచ్చింది. చెప్పకుండా ఎలా ఉంటాను? ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించాను.

“ఇంట్లో తెలుగు విడవకుండా మాట్లాడినందుకు, అత్తకి థాంక్స్.”

జనని తల దించుకుంది. వాళ్ళమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. జనని రోజూ ఇంట్లో చెప్పే నా గోల్స్ అన్నీ ఆవిడ వింటూనే ఉందని తర్వాత తెలిసింది.

“ఆదివారం మీ అమ్మని పిల్చుకోని ఇంటికి రా, నాయనా,” అంది. “దీన్ని మళ్ళా చిన్నది చేసుకోవాకు.”