మీట నొక్కితే మాస్టారు

బాపట్లలో ఎవరికీ అమ్ముడుపోని కేబుల్ ఆపరేటర్ ఒకే ఒక్కడు మిగిలాడు. పేరు పున్నారావు. 1994లో ఒక మంగళవారం ఉదయం ఏడుంపావుకి డిష్ యాంటెన్నా సరిచేయడానికి మూడంతస్తుల డాబా ఎక్కాడు. ఏడు ఇరవైకి రోడ్డు మీద ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. చిన్నప్పటి నుంచీ తెరచాప కొయ్యలెక్కిన సూర్యలంక మనిషికి కాలెలా జారిందని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. మర్నాటికల్లా అతని వైర్లన్నీ మెరిడాక్స్ విజన్ వాళ్ళవి అయిపోయాయి.

సరిగ్గా ఎనిమిది రోజులకి, బుధవారం నాడు, జార్జి తెనాలి స్టేషన్లో రైలు దిగాడు. టై, తోలు బ్యాగు, దట్టమైన మీసం. చూసినవాళ్ళకి మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. సీక్రెట్ సర్వీస్ ఫైళ్ళలో మాత్రం అతను ఎస్-19. పుట్టింది పక్కనే అమృతలూరులో. సొంత ఊరి పక్కకి దొంగలా రావలసి రావడం అతనికి ఏమాత్రం నచ్చలేదు.

ముందురోజు చీఫ్ ఫోన్లో చెప్పింది నాలుగే ముక్కలు.

"మీ వైపు ఏడాది కిందట ముప్పైనాలుగు మంది కేబుల్ ఆపరేటర్లు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడే."

"మెరిడాక్స్ శేషగిరిరావు."

"పైకి కనిపించేది ఆయన. రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, దినపత్రిక, ఇప్పుడు కేబుల్. వెనక సింగపూర్ ముఠా. పేరు బ్లూ క్రాబ్. వాళ్ళకి సూర్యలంక తీరం కావాలి, ప్రైవేట్ పోర్టుకి. గురువారం ఉప ఎన్నిక. వాళ్ళ మనిషి గెలిస్తే జాలరిపల్లెలు ఖాళీ."

"ఎదురు నిలబడ్డది రాజారత్నం మాస్టారు. ఆయన్ని చంపేస్తారా సార్?"

"చంపితే ఎన్నిక వాయిదా పడుతుంది. అంతకంటే తెలివైనదేదో చేస్తున్నారు. రేపు, బుధవారం సాయంత్రం ఆరున్నరకి. కోడ్ నేమ్ ఎకో. అదేంటో కనుక్కో. ఆపు."

పుస్తకాల స్టాలు దగ్గర పట్టుచీర కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది. ఇద్దరు కాలేజీ పిల్లలు ఆమె ఆటోగ్రాఫ్ తీసుకుని వెళ్ళారు. జార్జి పక్కకి చేరాడు.

"బిట్రగుంట ప్యాసింజర్ వెళ్ళిపోయిందా అండీ?"

"వెళ్ళిందండి. ఇంజన్ మర్చిపోయింది."

కోడ్ సరిపోయింది. ఆమె దేవకుమారి. రేపల్లె పిల్ల. మెరిడాక్స్ చానెల్లో యాంకర్. తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడు ఊళ్ళలో ఆమె మొహం తెలియని ఇల్లు లేదు. గూఢచారికి అంతకంటే మంచి ముసుగు ఏముంటుంది? అయితే ఆమె మన జీతం తీసుకుంటూ వాళ్ళ పని చేస్తోందా, వాళ్ళ జీతం తీసుకుంటూ మన పని చేస్తోందా అన్నది చీఫ్‌కి కూడా తేలని లెక్క.

"ఎకో ఒక మిషన్," అంది పత్రిక తిరగేస్తూ. "మనిషి గొంతు అందులో పోస్తే చాలు. ఆ గొంతుతో ఏ మాటంటే ఆ మాట అంటుంది. మీట నొక్కడమే ఆలస్యం."

"ఎవరి గొంతు పోశారు?"

"ముందు మాస్టారింటికి వెళ్ళండి. సాయంత్రం ఐదున్నరకి బాపట్ల ఐసు ఫ్యాక్టరీ వెనక గుమ్మం దగ్గర ఉంటాను."

రాజారత్నం మాస్టారు ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాడు. అదే ముప్పై ఏళ్ళు సాయంత్రాలు నాటకాల్లో పద్యాలు పాడాడు. ఆదివారం పొద్దున గుడిలో కీర్తన, సాయంత్రం స్టేజీ మీద సీసపద్యం. ఆ గొంతు వినడానికి పిట్టలవానిపాలెం నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన పక్కన హార్మోనియం వాయించింది జార్జి తండ్రి ఆదాము.

మాస్టారు పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడకి కట్టు ఉంది, ఒళ్ళో పలక ఉంది. జార్జిని చూడగానే బలపం తీసి రాశాడు.

"మీసం ఎడమవైపు లేచింది. జిగురు చాల్లేదు."

జార్జి నవ్వబోయి ఆగిపోయాడు. మాస్టారు ఎందుకు రాస్తున్నాడో అప్పుడు అర్థమైంది.

"గొంతులో పుండన్నారు నాయనా," అంది మాస్టారి భార్య సుందరమ్మ. "పన్నెండు రోజులైంది ఆపరేషన్ చేసి. ఇంక మాట రాదట. ఓట్లయ్యేదాకా బయటికి పొక్కనివ్వొద్దని మనవాళ్ళే అన్నారు. గొంతు నొప్పి, విశ్రాంతి అని చెప్పాం."

"ఈయన గొంతు ఎవరైనా రికార్డు చేశారా పిన్నీ?"

"రెండేళ్ళ కిందట ఈ కేబుల్ కంపెనీయే వచ్చింది. మీ పద్యాలు భద్రం చేస్తామని శాలువా కప్పారు. నలభై గంటలు పాడించారు, మాట్లాడించారు. హార్మోనియం మీ నాన్నే. అలవాటుకొద్దీ ఈయన రెండోసారి ఎత్తుకోబోతే వద్దన్నారు. ఒక్కసారి చాలు, టేపు దండగ అన్నారు. మీ నాన్న ఇంటికొచ్చి ఒకటే నవ్వు. మొదటిసారి పాడేది రాసినవాడి కోసం, రెండోసారి పాడేది విన్నవాడి కోసం, ఆ మాత్రం తెలీదు వీళ్ళకి అని."

ఆ మరుసటి ఏడే ఆదాము పోయాడు. జార్జి తల వంచుకుని బ్యాగు సర్దుకున్నాడు.

"మాస్టారూ, మీరు జనంలోకి వచ్చి ఈ పలక చూపించండి."

మాస్టారు రాశాడు. "తెల్లారేలోగా ఎన్ని గుమ్మాలకి చూపిస్తావురా? వాళ్ళు ఒక్క మీటతో అన్ని ఇళ్ళలోకీ పోతారు."

జార్జి జేబులోంచి సిగరెట్ పెట్టెంత ఉక్కు డబ్బా తీశాడు. డీగాసర్. మిషన్‌కి అడుగు దూరంలో బటన్ నొక్కితే అందులో ఉన్న జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి చెప్పి, "నలభై గంటలూ పోతాయి," అన్నాడు.

మాస్టారు పలక తుడిచాడు. తర్వాత ఒక్క ముక్క రాశాడు. "చెరిపెయ్."

సుందరమ్మ మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆ గొంతు మళ్ళీ వినపడే దారి అదొక్కటే మరి.

సాయంత్రం ఐదున్నరకి ఖాకీ చొక్కా, భుజాన వైరు చుట్టతో లైన్‌మన్ వేషంలో జార్జి ఐసు ఫ్యాక్టరీ వెనక నిలబడ్డాడు. ఈసారి మీసానికి జిగురు దండిగా పట్టించాడు. దేవకుమారి తలుపు తీసింది. ఇనుప మెట్లెక్కి ఇద్దరూ మేడ మీదికి వచ్చారు. కంట్రోల్ రూమ్ తలుపు తెరుచుకోగానే రెండు తుపాకులు జార్జి ఛాతీకి ఆనాయి.

"మిస్టర్ హోల్ట్, నేను చెప్పిన మనిషి ఇతనే," అంది దేవకుమారి ఇంగ్లీషులో. జార్జి జేబులో చెయ్యి పెట్టి డీగాసర్ తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "క్షమించండి జార్జిగారూ."

మనిషిని నమ్మితే గొంతు కోస్తారంటారు. ఇక్కడ గొంతు ముందే వాళ్ళ చేతిలో ఉంది. జార్జిని కుర్చీకి కట్టేశారు. పున్నారావు చావు, మాస్టారి పలక, సుందరమ్మ వెనక్కి తిరిగిన వీపు, అన్నీ కలిసి గుండెల మీద కూర్చున్నాయి.

సింగపూర్ ముఠా పంపిన మనిషి హోల్ట్ సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. ఆరు భాషల్లో గొంతులు తయారుచేశాడు గానీ మాట్లాడేది ఇంగ్లీషొక్కటే. ముందు అరవై మీటల కీబోర్డు. ఒక్కో మీట మీద ఒక్కో చీటీ. నమస్కారం. చాలా సంతోషం. దీవెనలు. పద్యం. చిట్టచివర ఎర్ర మీట, దానికి గడియారం కట్టి తాళం వేసి ఉంది.

"ఏడు గంటలకి అదే మోగుతుంది," అన్నాడు హోల్ట్ గర్వంగా. "మీ టీచరు పోటీ నుంచి తప్పుకుంటాడు. ఓట్లు మా మనిషికి వేయమంటాడు. రేపు పొద్దున కాదని చెప్పడానికి ఆయనకి నోరు లేదని ఆసుపత్రిలోనే కనుక్కున్నాం."

ఎదురుగా మూడు మానిటర్లు. తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడు ఊళ్ళ మైదానాల్లో పెద్ద తెరలు కట్టారు, జనం కిక్కిరిసి ఉన్నారు. తెనాలిలో ముందు వరసలో శేషగిరిరావు తెల్లబట్టల్లో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ప్రచారం గడువు అయిపోయింది కాబట్టి కార్యక్రమానికి 'మాస్టారికి ఆరోగ్య పరామర్శ' అని పేరు పెట్టారు. కంచె కట్టిన చట్టానికి కన్నం ఎక్కడుందో డబ్బున్నవాడికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఆరున్నర. స్టూడియో అద్దం అవతల దేవకుమారి నవ్వింది. "ఆసుపత్రి మంచం మీది నుంచి మాస్టారు మనతో ఫోన్లో ఉన్నారు."

హోల్ట్ మీట నొక్కాడు. "నమస్కారం తల్లీ." అచ్చం మాస్టారే. రేపల్లె మైదానంలో ముసలాళ్ళు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

ఫోన్ల మీద ఫోన్లు. ఏ మీట నొక్కాలో దేవకుమారి కెమెరాకి కనపడకుండా హోల్ట్‌కి వేళ్ళతో సైగ చేస్తోంది. ఎలా ఉన్నారు మాస్టారూ. "దీవెనలు." మా పిల్లాడు పరీక్ష పాసయ్యాడండి. "చాలా సంతోషం." అంతా నున్నగా నడుస్తోంది. ఇంక అనుమానం ఎవరికీ మిగలకూడదని ఆరూ యాభైకి హోల్ట్ పద్యం మీట నొక్కాడు.

తల్లి మీది సీసపద్యం. మూడో పాదం దగ్గర మాస్టారు చిన్నగా గొంతు సవరించుకున్నాడు. వెనక హార్మోనియం తిత్తి ఒక్కసారి కీచుమంది. అది నాన్న హార్మోనియం. జార్జి కళ్ళు మూసుకున్నాడు. ఎత్తుగీతి అయ్యేసరికి తెనాలి మైదానం హోరెత్తిపోయింది.

"ఏమంటున్నారు వాళ్ళు?" అడిగాడు హోల్ట్.

జార్జి కళ్ళు తెరిచాడు. అబద్ధాలాడటం అతని వృత్తి. ఆ క్షణాన మాత్రం నిజం చెబితే చాలనిపించింది.

"వన్స్ మోర్ అంటున్నారు. మావాళ్ళు ఇచ్చే అతి పెద్ద గౌరవం అది. అడిగితే పాడి తీరాలి. స్టేజీ మీద చచ్చిపడిపోయిన వేషగాడైనా సరే లేచి పాడి మళ్ళీ చచ్చిపోతాడు. పాడకపోతే అవమానం."

హోల్ట్ అనుమానంగా అద్దం వైపు చూశాడు. దేవకుమారి అవునన్నట్టు తలూపి, మైకు దగ్గరికి జరిగింది. "వన్స్ మోర్ అడగాలనుకునేవాళ్ళు ఫోన్ చేయండి. లైన్లన్నీ మీకోసమే."

తెనాలి మానిటర్లో శేషగిరిరావు కాలు దించి లేచి నిలబడ్డాడు. అతనూ తెనాలివాడే, కుర్రతనంలో ఇలాగే అరిచినవాడే. మొహంలో రంగు మారింది. పక్కనున్న ఎస్టీడీ బూతు వైపు పరుగెత్తి ఫోను డయల్ చేశాడు, పెట్టేశాడు, మళ్ళీ డయల్ చేశాడు. లైన్లన్నీ వన్స్ మోర్ వాళ్ళతో నిండిపోయి ఉన్నాయి.

"సూర్యలంక నుంచి ఎవరండీ?" అంది దేవకుమారి.

"పేరమ్మనమ్మా. కేబుల్ పున్నారావు తల్లిని. మావోడు పోయి ఎనిమిది రోజులు. ఆదివారం ఆదివారం మాస్టారి నాటకాలు వేసేవాడు కదా. ఇది వాడికి ఇష్టమైన పద్యం. ఇంకొక్కసారి పాడమని అయ్యకి చెప్పమ్మా."

ఈసారి దేవకుమారి సైగ చేయలేదు. హోల్ట్ వేళ్ళు మీటల మీద తడుముకున్నాయి. కొడుకు పోయిన తల్లికి చెప్పే మాట అరవై మీటల్లో ఎక్కడా లేదు. దగ్గరున్నది నొక్కాడు.

"చాలా సంతోషం తల్లీ."

మూడు మైదానాల్లోనూ కదలిక ఆగిపోయింది. వెంటనే పద్యం మొదలైంది. అదే ఎత్తు, అదే విరుపు. జనం చెవులు రిక్కించారు. రెండోసారి మాస్టారు ఎప్పుడూ అలా పాడడు. ఎక్కడో ఒకచోట రాగం పెంచుతాడు, ఒకచోట ఆపి ముందు వరసలో ముసలమ్మని పలకరిస్తాడు, అడిగినవాడి పేరు కలిపి పాడతాడు. మూడో పాదం వచ్చింది. అక్కడే గొంతు సవరించుకున్నాడు. అక్కడే తిత్తి కీచుమంది.

"ఇది మాస్టారు కాదమ్మా," అంది పేరమ్మ ఫోన్లో, మెల్లగా. "ఆయనైతే ముందు ఏడ్చేవాడు."

ఆరూ యాభై తొమ్మిది. తెనాలి మైదానంలో ఎవరో "టేపు" అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. హోల్ట్ ఎర్ర మీట గడియారం ఆపబోయాడు. తను పెట్టిన తాళం తనకే ఊడలేదు. సరిగ్గా ఏడు.

"నేను పోటీ నుంచి తప్పుకుంటున్నాను," అంది మాస్టారి గొంతు.

మూడు ఊళ్ళూ ఒక్క నోటితో అరిచాయి, "వన్స్ మోర్."

ఆ తిరణాలలో హోల్ట్ పిస్తోలు తీశాడు. వెనకనుంచి వచ్చిన దేవకుమారి ఫోను రిసీవర్‌తో అతని కణత మీద కొట్టింది. ఆ లైను అప్పటికీ ఎంగేజ్‌లోనే ఉంది. కాపలావాళ్ళలో ఒకడు తుపాకి గోడకానించి జార్జి కట్లు విప్పడం మొదలెట్టాడు.

"మాస్టారు నాకు ఐదో తరగతి చెప్పాడండి," అన్నాడు. "డాబా మీద పున్నారావుని తోసిందెవరో నాకు తెలుసండి. చెప్తాను."

రెండో కాపలావాడు ఎప్పుడో మెట్లు దిగి పారిపోయాడు. పది నిమిషాల్లో చీఫ్ పంపిన జీపులు వచ్చాయి. తెనాలి బూతులో శేషగిరిరావు రిసీవర్ చేత్తో పట్టుకునే దొరికాడు.

"నా జేబు ఎందుకు కొట్టారు?" అడిగాడు జార్జి మణికట్లు రుద్దుకుంటూ.

"మీరు చెరిపేస్తే రేపే సింగపూర్ నుంచి ఇంకోటి దిగేది. జనం కళ్ళముందే పరువు పోవాలి." డీగాసర్ తీసి అతని చేతిలో పెట్టింది. "నా గొంతు కూడా పోసేశారు అందులో. వచ్చే నెల నుంచి నేను రానక్కర్లేదట. మిషన్ జీతం అడగదు కదా. అయినా ఈసారి రెండోసారి వేరేగా పాడే మిషన్ చేస్తారండి. అప్పుడేం చేస్తాం?"

జార్జి కిటికీలోంచి ఐసు ఫ్యాక్టరీ మీది టవర్ కేసి చూశాడు. దాని ఎర్రదీపం వెలిగి ఆరుతూనే ఉంది.

మర్నాడు ఉదయం మాస్టారు మెడకి కట్టుతో, చంకలో పలకతో తెనాలి పోలింగ్ బూత్ క్యూలో నిలబడ్డాడు. జనం దారిచ్చినా ముందుకి పోలేదు. జార్జి ఎకో మిషన్‌లోంచి తీసిన నలభై గంటల టేపుల పెట్టె సుందరమ్మకి అందించి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. మాస్టారు రాసి చూపించాడు.

"అది నేను కాదని పేరమ్మే కనిపెట్టిందా?"

"అవునండి."

మాస్టారి కళ్ళు తడిశాయి. చేత్తో పలక తుడిచి మళ్ళీ రాశాడు. "సాయంత్రం సూర్యలంక తీసుకెళ్ళు. ఆమెతో కలిసి ఏడవాలి."

జార్జి రోడ్డవతల ఎస్టీడీ బూతులోకి వెళ్ళి చీఫ్‌కి డయల్ చేశాడు. ఎకో మిషన్ పట్టుబడింది, ముఠా లోపలుంది, పోలింగ్ ప్రశాంతం అని గడగడా చెప్పేశాడు.

అవతల గరగర. "లైను బాగాలేదు," అన్నాడు చీఫ్. "మళ్ళీ ఓసారి చెప్పు."

"చెప్తాను సార్," అన్నాడు జార్జి. "కాకపోతే రెండోసారి కాస్త వేరేగా ఉంటుంది."