ఇక వదలండి

ఆ నిద్ర పరీక్షల కేంద్రంలో మూడో గదికి చెడ్డపేరు. అందులో పడుకున్నవాళ్ళకి, ఏ జబ్బూ లేకపోయినా, అర్ధరాత్రి దాటాక ఊపిరి ఆగుతుందని. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కాకపోతే ఈ సంగతి విన్నప్పటి నుంచి మా ఇంట్లో నేనే ముందు పడుకుంటున్నాను, మేలుకున్న మనిషి ఒకరు ఉండగానే.

అక్కడ రోగికి వైర్లన్నీ అంటించాక, పక్కగదిలోంచి మైకులో సరిచూస్తారు. "కళ్ళు మూసుకోండి... ఎడమకి చూడండి... ఊపిరి బిగబట్టండి..." తెర మీద ఊపిరి గీత చదునవుతుంది. పది లెక్కపెట్టి "ఇక వదలండి" అనాలి.

వెనకటికి అక్కడ పని నేర్పే పెద్ద మాస్టారు మూడో గది రోగిని బిగబట్టమని చెప్పి, ఫోనొస్తే బయటికెళ్ళాడట. రెండో మాట మర్చిపోయాడు. తిరిగొచ్చేసరికి రోగి పోయాడు, అసలే గుండెజబ్బు మనిషి. నెల తిరక్కుండా మాస్టారూ పోయాడు.

ఈ పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళలో ఒకడికి తోటివాళ్ళు పెట్టిన పేరు కునుకు. నిలబడి కూడా తూగగల మొనగాడు. ఏరికోరి మరీ, రాత్రంతా ఇంకొకరి నిద్రకి కాపలా కాసే ఉద్యోగం ఎంచుకున్నాడు! అప్పటికే రెండుసార్లు దొరికిపోయాడు. ఈ రాత్రి పరీక్షే ఆఖరి అవకాశం. పడుకునే మనిషిని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. బావమరిదిని తెచ్చుకున్నాడు.

"నాకున్నది వాడొక్కడే తమ్ముడు," అంది భార్య గుమ్మం దగ్గర. "మీరు గానీ కన్ను మూశారో..."

ఖాళీగా దొరికింది మూడో గదే.

తలకి జిగురు, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. "బావా, అక్క నన్నిలా చూస్తే ముందు నిన్ను చంపుతుంది," అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని పడుకోరా."

మైకులో అన్నీ సరిచూశాడు. బిగబట్టమన్నాడు, వదలమన్నాడు. దీపం ఆరింది. గీత లేస్తోంది... పడుతోంది... లేస్తోంది...

కునుకు ఉలిక్కిపడి లేచేసరికి మూడు గంటలు.

తెర మీది రికార్డుని వెనక్కి జరిపాడు. రెండూ నలభై దగ్గర గీత చదునుగా ఉంది... నిమిషం పాటు. తర్వాత మళ్ళీ మామూలే. గబగబా చీటీలో రాసేశాడు: బెల్టు జారింది.

తెల్లారాక పని నేర్పే మేడమ్ ఆ చీటీ చదివింది.

"బెల్టు జారితే గీత పోతుంది. ఒంట్లో ఆక్సిజన్ డెబ్బైకి ఎందుకు పడిపోతుంది?"

బావమరిది మొహం బూడిద రంగులో ఉంది. "బావా... బిగబట్టమన్నావు. నిద్రలోనే బిగబట్టాను. వదలబోతే ఛాతీ నా మాట వినలేదు."

"నేనెప్పుడన్నానురా?"

మేడమ్ పక్కగది కెమెరా రికార్డింగు పెట్టింది. రెండూ నలభై. కునుకు బల్ల మీద వాలిపోయి ఉన్నాడు, మోచెయ్యి మైకు మీట మీద. గురక మధ్యలో, పాఠం అప్పజెబుతున్నట్టు... "ఊపిరి... బిగబట్టండి..."

చుట్టూ మూగిన తోటివాళ్ళు ఘొల్లున నవ్వారు. "ఇదన్నమాట మన దెయ్యం!"

కునుకు నవ్వలేదు. మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టేశాడు. "అక్కకి నేను చెప్పన్లే," అని గొణిగాడు బావమరిది.

మేడమ్ మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. ఇరవై సెకన్లు... నలభై... తెరలో కునుకు కదల్లేదు. నోరు తెరుచుకునే ఉంది.

"మరి... వదలమన్నది ఎవరు?"

అరవయ్యో సెకను. మైకులో ఒక ముసలి గొంతు. ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది.

"ఇక వదలండి బాబూ... ఫోనొచ్చింది... ఆలస్యమైపోయింది..."

గీత లేచింది.

మేడమ్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. ఆమె పని నేర్చుకున్నది ఆ గొంతు దగ్గరే.