పాదం లేని నామం

చిత్తూరు కోర్టు ఎదురు సందులో, జిరాక్సు షాపు మీది గదిలో డిటెక్టివ్ అష్ఫాక్ బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. మామిడికాయల లారీ మాయమైన కేసొకటి ఆయన ప్రాణం తోడేసింది. అందుకే తలుపు దగ్గర ఒక అమ్మాయి బెదురుగా నిలబడితే, అసిస్టెంటు లోకేశ్వరి ఆయన్ను లేపడానికి మనసొప్పక, తానే ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"నా పేరు శ్రీవేద. పాకాల సారంగపాణి మాస్టారి కూతుర్ని. సాయంత్రంలోపల మా నాయనను అరెస్టు చేస్తారంట."

"కుండ మాస్టారా?" అన్నాడు అష్ఫాక్, తల ఎత్తకుండానే.

పాకాల కుండ సంగతి తెలియని వాళ్లు జిల్లాలో లేరు. రిటైరైన ఫిజిక్సు మాస్టారు సారంగపాణి ఇంటి వెనక షెడ్డులో ఒక రాగి కుండ చేయించాడు. దాని మూతకు లోహపు కడ్డీలు వేలాడదీసి నీళ్లలోకి కరెంటు పంపితే, పంపినదానికన్నా ఎక్కువ వేడి పుడుతోందేమోనని ఆయనకు తోచింది. తోచిందంతే. అది నిజమో కాదో తేలకముందే ప్రభుత్వంవారి నవశక్తి సంస్థ ఊరంతా టముకు వేసింది. మాస్టారికీ కుండకూ దండలు వేసి, ఫోటో తీసి, 'నీళ్లే ఇక నిప్పు' అని రోడ్ల వెంట హోర్డింగులు పెట్టించింది. ఆ ఫోటోలో మాస్టారు నవ్వడం లేదని లోకేశ్వరి అప్పుడే గమనించింది.

"ఈ పొద్దు ఢిల్లీ కమిటీ పరీక్ష చేయాల," అంది శ్రీవేద. "పరీక్ష కోసరం కుండను పెట్టిన తిరుపతి గెస్టుహౌసు గది తెరిచి సూస్తే ఆడ ఉండేది ఉత్త రేకు కుండ. లోపల ఏమీ లేదు. అసలుదాన్ని మా నాయన అమ్ముకున్నాడని నవశక్తి జయచంద్ర సార్ అంటా ఉండాడు. తాళాలు రెండే. ఒకటి ఆయన దగ్గర, ఇంకోటి నాయన దగ్గర. నాయనేమో నిన్న సాయంత్రం ఆయనతో మాట్లాడొచ్చినప్పట్నించీ నోరు మెదపడంలా."

అష్ఫాక్ ముఖం కడుక్కుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. దారిలో కారు కిటికీలోంచి హోర్డింగు కనబడింది. మాస్టారి నుదుట నామం, కుండ మీద నామం, దాని కింద బంతిపూల దండ. అడుగున 'చిత్తూరు ఎగ్జిబిషన్‌లో నమూనా చూడండి' అని రాసి ఉంది. అష్ఫాక్ కారు ఆపించి దాన్ని చాలాసేపు చూశాడు.

గెస్టుహౌసు గదిలోకి పోలీసులు శ్రీవేదను రానివ్వలేదు. బల్ల మీద రాగిరంగు పూసిన రేకు కుండ ఉంది. దాని మీద రెండు తెల్లగీతలు కింద గుండ్రంగా కలిశాయి, నడుమ ఎర్రగీత. కుర్చీలో సారంగపాణి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉన్నాడు. కుండవైపు కన్నెత్తి చూడలేదు. ఆయన నుదుటి నామానికి మాత్రం ముక్కు మీదికి దిగే చిన్న పాదం ఉంది.

"మాస్టారూ, కుండకు నామం ఎవరు పెడతారు?"

"నేనే. నాకు పెట్టుకున్నాక దానికీ పెడతాను."

"నిన్న సాయంత్రం జయచంద్ర సారుతో ఏం మాట్లాడినారు?"

సారంగపాణి తలుపు అవతల నిలబడ్డ కూతురివైపు చూశాడు. "ఒక్క ఏడాది ఆగండప్పా అని మొదట్నించీ చెప్తానే ఉండాను. ఎవురూ ఆగలే," అన్నాడు.

నవశక్తి సంస్థలో ప్రచారం చూసే అధికారి జయచంద్ర నిమ్మకు నీరెత్తినట్టు ఫోను చూసుకుంటున్నాడు.

"మీ స్టాల్లో నమూనా ఉండాదంటనే?" అని అడిగాడు అష్ఫాక్.

"ఉండాది. ఫోటో ఇచ్చి చేయించినాం. ఈ డమ్మీ అదేనని అనుమానమేమో? మాది ఆడే ఉండాది, పోయి సూసుకోండి."

"సూద్దాం. అందరం పోదాం," అన్నాడు అష్ఫాక్.

మధ్యాహ్నానికి ఎస్సై మునిశేఖర్, కమిటీ పెద్దావిడ, మాస్టారు, శ్రీవేద, జయచంద్ర అందరూ ఎగ్జిబిషన్ స్టాల్లో చేరారు. మైకులో 'నీళ్లే ఇక నిప్పు' అని రికార్డు అరుస్తూనే ఉంది. పీట మీద కుండ, దానికి ఒత్తుగా బంతిపూల దండ. అష్ఫాక్ దండ ఎత్తాడు. నామానికి పాదం ఉంది.

"ఎత్తి సూడండి," అన్నాడు.

మునిశేఖర్ రెండు చేతులా ఎత్తబోయి మళ్లీ దించాడు. "రేకు కాదు ఇది. రాగి."

"తిరుపతిలో ఉండే రేకు కుండ చేసినవాడు అసలు కుండను కంటితో సూడలే," అన్నాడు అష్ఫాక్ అలసటగా. "ఫోటో సూసి చేసినాడు. ఫోటోలో పాదం దండ కిందికి పోయింది. కనబడినంతే గీసినాడు. రోజూ అద్దంలో సూసుకుని నామం పెట్టుకునే మాస్టారు దొంగ కుండ పెట్టాలంటే పాదం మర్చిపోతాడా? కాబట్టి అది ఈ స్టాలు నమూనా. అది ఆడికి, ఇది ఈడికి మారినాయి. ఆ గది తాళమూ ఈ స్టాలూ రెండూ చేతిలో ఉండేది ఒక్కరికే."

ఇన్నాళ్లుగా అదే హోర్డింగు కింద బస్సెక్కుతున్న లోకేశ్వరికి అది తట్టనే లేదు. ఆమె అష్ఫాక్ సారువైపు గర్వంగా చూసింది.

జయచంద్ర ఒంటికాలి మీద లేచాడు. "నేనెందుకు మారుస్తానయ్యా? కుండ పనిచేస్తే పేరు మాకే గదా?"

"పనిచేస్తే. చేయదని మాస్టారు నిన్న మీకు చెప్పినాడు. పనిచేయని కుండకన్నా పోయిన కుండ మీకు మేలు. పారేసేకి మాత్రం చెయ్యి రాలే. ఒకవేళ పనిచేస్తుందేమోనని మీక్కూడా ఆశే."

"అట్లా చెప్పినాడనేదానికి సాక్ష్యమేది?"

అందరూ సారంగపాణివైపు తిరిగారు.

"పనిచేస్తాది సార్," అంది శ్రీవేద. "నేను కళ్లారా సూసినాను. నాయనా, చెప్పు."

కూతురి ఆ నమ్మకం చెదరకూడదనే మాస్టారు నోరు కట్టుకుని జైలుకు సిద్ధపడ్డాడని లోకేశ్వరికి అప్పుడు అర్థమైంది.

మాస్టారు లేచి కుండలో నీళ్లు పోయించాడు. కమిటీ పెద్దావిడ దగ్గర థర్మామీటరు, కరెంటు మీటరు తీసుకుని స్విచ్చి వేశాడు. కొంతసేపటికి అంకెలు గబగబా పెరిగాయి. పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. చుట్టూ మూగిన జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. శ్రీవేద ముఖం వెలిగిపోయింది.

అప్పుడాయన ఒక కర్ర అడిగి తీసుకుని, నీళ్లను అడుగునుంచి నెమ్మదిగా కలియబెట్టాడు. అంకెలు దిగాయి. ఇంకా దిగాయి. పెద్దావిడ పంపిన కరెంటుతో లెక్క చూసుకుని, వేడి ఎక్కువేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. బకెట్లో హీటరు పెట్టుకుని పైన చెయ్యి ముంచి చూసే ఎవరికైనా తెలిసిన సంగతే అది.

"వేడి పైనే ఉండాదమ్మా. కిందంతా చన్నీళ్లే," అన్నాడు మాస్టారు. "కడ్డీలుండే చోటే కొలుస్తా వచ్చినాను. మొన్న కలిపి సూసినాక తెలిసింది. నిన్న ఆయనకు చెప్పినాను."

మునిశేఖర్ జయచంద్ర చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నాతో ఎందుకు చెప్పలే నాయనా?" అంది శ్రీవేద.

"పాకాలంతా చెప్పుకున్నావు గదమ్మా. మా నాయన, మా నాయన అని."

ఆమె ఆయన చేతిలోని కర్ర తీసి పక్కన పెట్టి, తడిచేతిని తన చున్నీతో తుడిచింది. మైకులో రికార్డు మళ్లీ మొదటికొచ్చింది.

"దాన్ని కొంచెం ఆపండప్పా," అన్నాడు సారంగపాణి.

లోకేశ్వరి వెతికి వైరు పీకేసింది. అష్ఫాక్ కుర్చీ ఒకటి లాగి మాస్టారి వెనక వేశాడు. ఆయన కూర్చుని, కూతురి చెయ్యి వదలకుండా కళ్లు మూసుకున్నాడు.