ఛాతీ మీద నిమ్మకాయ

"ఏమ్మే, నిద్రపోయే మగోని పక్కన కూచోని గడియారం చూస్తాండావే, సిగ్గు లేదా?" కళ్లు తెరుస్తూనే అడిగాడు తిప్పయ్య.

"నీ అందం చూసేకి రాలేదులేప్పా. మీయమ్మ పిలిస్తే వచ్చినా. నీ ఊపిరి లెక్కబెడతాండా," అంది టీకాల నర్సు రామాంజినమ్మ.

అది 1964 మే. తిప్పయ్య వజ్రకరూరు పక్క పల్లెలో బావులు తవ్వుతాడు. మధ్యాహ్నం పడుకుంటే అతని గురక మూడిళ్ల అవతలికి వినిపించేది. జనం భయపడింది గురకకు కాదు, అది ఆగిపోవడానికి. ఛాతీ లేచేది, గాలి వెళ్లేది కాదు. తర్వాత గొంతు మీంచి ఎవరో చెయ్యి తీసినట్టు ఒక అరుపు.

కిందటేడు బావిలో మట్టి కూలి అతని జతగాడు వీరప్ప చనిపోయాడు. వాడే దయ్యమై తిప్పయ్యను పట్టుకున్నాడని మంత్రగాడు నల్లప్ప తేల్చాడు. ఛాతీ మీద నిమ్మకాయ దొర్లకుండా వెల్లకిలా పడుకోమన్నాడు. నెలైంది. మంగళవారం కొడవలి కాల్చి గొంతు మీద వాత పెడతానన్నాడు.

"ఎంతసేపు ఆగింది?"

"ఇరవై రెండు సెకన్లు."

తిప్పయ్య నవ్వలేదు. "వీరప్పే."

ఆమె సంచిలోంచి అద్దం తీసి అతని ముక్కు కింద పెట్టింది. కుడివైపే ఆవిరి పట్టింది.

"ఎడమ పక్క మూసుకుపోయింది. దెబ్బ తగిలిందా?"

"వీరప్ప పోయిన పొద్దే. ముక్కు మీద రాయి పడింది."

చెంచాతో నాలుక నొక్కి చూసింది. టాన్సిల్స్ రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

"ఉండేదే ఇంత సందు. వెల్లకిలా పడుకుంటే నాలుక జారి అదీ మూస్తాది. నిమ్మకాయ తీసెయ్. పక్కకి తిరిగి పడుకో."

"వీరప్ప ఊరకుంటాడా?"

"నేనుండా కదా."

మరునాడు అతను పక్కకి తిరిగి పడుకున్నాడు. వాకిట్లో జనం కూర్చున్నారు. గురక సన్నబడింది. కాసేపటికి అదీ లేదు.

"పాయ! నా కొడుకు పాయ!" తల్లి బయమ్మ లేచింది.

రామాంజినమ్మ అద్దం పెట్టింది. ఆవిరి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. బయమ్మ మళ్లీ కూర్చుంది.

మంగళవారం నల్లప్ప కొడవలితో వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. తల్లీకొడుకులు, రామాంజినమ్మ ముగ్గురూ అనంతపురం పెద్దాసుపత్రికి పోయే బస్సులో ఉన్నారు.

"ఆపరేషనైనాక నా ఊపిరి ఎవరు చూస్తారు?" అడిగాడు తిప్పయ్య.

"డాక్టరు."

"ఇంటికొచ్చినాక?"

రామాంజినమ్మ కిటికీ వైపు తిరిగింది. "ఆ మాట నన్ను కాదు, మా నాయన్ని అడగాల."

ముందు సీట్లో బయమ్మ వెనక్కి చూడకుండానే అంది: "తిరుగుబస్సు మీ ఊరు పామిడి మీద పోతాదంట. మీ నాయన ఇంట్లో ఉంటాడా, అమ్మీ?"