జువ్వులపాటి వారి మైల

పెళ్ళి పందిరికి తాటాకులు తెచ్చిన సిద్ధయ్యకు ఆ ఉదయం పెంచలయ్య తన ఇంటిపేరు గొప్పతనం చెప్పసాగాడు. సిద్ధయ్యకు అది కొత్తేమీ కాదు. ఆత్మకూరులో పెంచలయ్యతో పని పడ్డవాడెవడికీ కొత్త కాదు.

"సంగంలో సత్రం చూసినావు గదా. ఎవురిది?"

"జువ్వులపాటోళ్ళది."

"నెల్లూరులో ఒక వీధి వీధంతా ఎవురి పేరు మింద ఉండాది?"

"జువ్వులపాటోళ్ళదే."

"మరి నేనెవురు?"

"నువ్వూ జువ్వులపాటోడివే. ఆకులు యాడ దించాల్నో చెప్పు, ఎద్దులు ఎండలో నిలబడుండాయి."

లోపల రోలు కడుగుతున్న మాలకొండమ్మ నవ్వుకుంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. భర్తలో ఆమె మార్చలేకపోయినది ఈ ఒక్క అలవాటే.

జువ్వులపాడు ఉదయగిరి కొండ కింద ఇరవై ఇళ్ళ ఊరు. అక్కడినుంచి బతుకుతెరువుకు బయటికి వచ్చిన వాళ్ళందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. అలా వచ్చిన ఒక కుటుంబం నెల్లూరు చేరి బియ్యం వ్యాపారంలో బాగా పైకొచ్చింది. ఆ ఇంటి పెద్ద శ్రీమన్నారాయణ గారు సత్రం కట్టించారు, కరువులో వందలమందికి గంజి పోయించారు. ఇంకొకాయన కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఆత్మకూరు వచ్చాడు. ఆయనే పెంచలయ్య నాయన. కులం ఒకటే, ఇంటిపేరు ఒకటే. అంతకుమించి ఈ రెండిళ్ళకూ ఏం చుట్టరికమో ఎవరికీ తెలియదు. తెలియని చోట పెంచలయ్య ముత్తాతలను నిలబెట్టాడు. "మా ముత్తాత, శ్రీమన్నారాయణ గారి ముత్తాత ఒక తల్లి బిడ్డలు" అని నలుగురిలో అనడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు ఆయనే దాన్ని సగం నమ్ముతున్నాడు. నిజానికి ఆ పెద్దమనిషిని ఆయన చూసింది ఒక్కసారి, సత్రం తెరిచిన రోజున, జనం వెనక నిలబడి. కనిపించింది తలపాగా మాత్రమే.

ఆ పేరు చూసే ఉదయగిరి మాల్యాద్రి తన కొడుకుకు పెంచలయ్య కూతురు నాగులమ్మను అడిగాడు. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. పెళ్ళి ఎప్పుడో కావలసింది. ధాత నామ సంవత్సరం కరువులో ఒకసారి, ఆ మరుసటేడు వాంతిభేదులు వచ్చి ఇంకొకసారి ఆగిపోయింది. ఇప్పుడు ప్రమాది నామ సంవత్సరం వైశాఖంలో ముహూర్తం కుదిరింది. ఇంకా నాలుగు రోజులుంది.

ఇంటి వెనక గొడ్ల కొట్టం దగ్గర ఒక ముసలావిడ చిట్టు తవుడు జల్లిస్తోంది. పేరు పిచ్చమ్మ. కరువులో జువ్వులపాడునుంచి వచ్చింది. ఆ ఇంట్లో నాగులమ్మ ఒక్కతే ఆమెను "అవ్వా" అని పిలుస్తుంది. పెంచలయ్య అసలు పిలవడు. పనేదైనా ఉంటే భార్యతో చెప్పిస్తాడు.

ఆకులు దించి సిద్ధయ్య వెళ్ళిన కాసేపటికి మాల్యాద్రి బండి వచ్చి వాకిట్లో ఆగింది. పెళ్ళి బట్టలకు నెల్లూరు వెళ్ళి తిరిగొస్తున్నాడు. పెంచలయ్య ఎదురు వెళ్ళాడు. మాలకొండమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. మాల్యాద్రి అరుగెక్కలేదు, చెంబూ అందుకోలేదు.

"వద్దు తల్లీ. ఈ ఇంట్లో ఇప్పుడు ముట్టకూడదు గదా" అన్నాడు.

"ఏందన్నా, ఏం జరిగింది?"

"మీకింకా కబురు రాలేదా? నెల్లూరులో శ్రీమన్నారాయణ గారు మొన్న పోయినారు. సంగంలో సత్రం తలుపులు మూసేసినారు. అక్కడే తెలిసింది నాకు."

"అయ్యో, మా పెద్దాయన" అన్నాడు పెంచలయ్య. అలవాటు కొద్దీ ఆ మాట ముందే వచ్చేసింది. పైపంచె కళ్ళకు కూడా అద్దుకున్నాడు. ఆ తర్వాతే మాల్యాద్రి మజ్జిగ ఎందుకు తాగలేదో బుర్రకెక్కింది.

"దాయాదులకు పదిరోజులు మైల గదా బావా" మాల్యాద్రి నెమ్మదిగానే అన్నాడు. ఆయన మనసులో కల్మషం లేదు. "మైలలో పెండ్లి ఎట్లా చేస్తారు. ఇది దాటితే జ్యేష్ఠం. మావాడు మా ఇంటికి పెద్దోడు, పిల్ల మీకు పెద్దది. జ్యేష్ఠంలో చెయ్యగూడదు. ఆపైన ఆషాఢం."

"శ్రావణంలో చూద్దాం బావా."

"నేను చూస్తా. మా అమ్మ చూడదు. బయల్దేరేటప్పుడే చెప్పి పంపించింది, మూడోసారి కూడా ఆగితే ఈ సంబంధం మనకు రాసిపెట్టి లేదనుకుంటానని. కలిగిరిలో ఇంకో పిల్లను చూసి పెట్టుకోనుండాది. నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు." పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు. "ముహూర్తం పెట్టిన శాస్త్రుల్ని పిలిపిస్తా. ఆయనేమంటాడో విందాం."

మాలకొండమ్మ కళ్ళతో సైగ చేసి పెరట్లోకి నడిచింది. పెంచలయ్య వెనకే వెళ్ళాడు.

"నిజం చెప్పు పోయి" అంది.

"ఏం నిజం?"

"ఆయన మనకేమీ కాడని. ఈ మైలేదో నెల్లూరోళ్ళే పడతారు, మనకేం పట్టింది."

"ఆ పేరు చూసే గదా మన గడప తొక్కినారు. అబద్ధమని తెలిస్తే మళ్ళా ఒక్క నిమిషం నిలబడతాడా?"

"చెప్పకపోతే మాత్రం పెండ్లి నిలబడతాదా?"

పెంచలయ్య బావి గట్టు మీద కూర్చున్నాడు. లెక్క ఆయనకూ తెలుసు. చెబితే పెళ్ళీ పోవచ్చు, పరువు ఖాయంగా పోతుంది. చెప్పకపోతే పెళ్ళి పోతుంది, పరువు మిగులుతుంది. ఆ పరువు మిగలాలని తన మనసులో ఒక మూల ఉన్నట్టు ఆయనకే అర్థమై తల దించుకున్నాడు.

గుమ్మంలో నాగులమ్మ నిలబడి ఉంది. చేతులకు పసుపు ఉంది.

"నాయనా, రెండుసార్లు పసుపు కడుక్కున్నా. వానలు పడలేదని ఒకసారి, రోగాలొచ్చినాయని ఒకసారి. అప్పుడు ఎవురినీ ఏమీ అనలేదు. ఈసారి దేనికి కడుక్కోవాల్నో అది నువ్వే చెప్పు" అంది. గొంతు పెంచలేదు. చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మాలకొండమ్మ కొట్టం వైపు చూసింది. అక్కడ జల్లెడ చప్పుడు ఆగింది.

"రెండేండ్ల క్రితం శ్రావణంలో శీనయ్య మామ మన అరుగు కాడికి వచ్చినాడు" అంది. "నీ నాయనకు సొంత పినతండ్రి కొడుకు. 'పెంచలా, నేనురా, శీనయ్య చిన్నాయన్ని' అన్నాడు. నీ పక్కన నెల్లూరు మనుషులున్నారని, ఎవురో తెలీదు, గంజి పోసే దొడ్డి అటువైపు ఉండాది పొమ్మన్నావు. ఐదో దినం ఆ దొడ్లోనే పోయినాడు. సర్కారు బండిలో ఏసుకుపోయినారు. ఆ పొద్దు నువ్వు తలమింద చెంబెడు నీళ్ళు పోసుకోలా. నేనే పోయి ఆయన పెండ్లాన్ని, ఈమెను, కొట్టంలోకి తెచ్చుకున్నా. ఇప్పుడు నీ మొగమే ఎరగని మనిషికి పదిరోజులు మైల పడతానంటావు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే పెంచలయ్యకు కొంచెం తేలికగా ఉండేది.

వాకిట్లోకి శాస్త్రులు వచ్చినట్టు మాటలు వినిపించాయి. పెంచలయ్య లేచి ముందుకు నడిచాడు. ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు.

అదే సమయానికి పిచ్చమ్మ చిట్టు తట్టతో మాల్యాద్రి ఎద్దుల దగ్గరికి వచ్చింది. మాల్యాద్రి ఆమెను ఆపాడు.

"అవ్వా, నీది జువ్వులపాడంట గదా. శ్రీమన్నారాయణ గారూ, మా బావా ఎన్ని తరాల దాయాదులు? ఏడు దాటిపోయుంటే మైల తగ్గుతాదేమోనని అడగతాండా."

పిచ్చమ్మ తట్ట దించింది. ఆ ఊళ్ళో ఎవరి తాత ఎవరో ఆమెకు నోటికి వచ్చు. పెంచలయ్య నాయన మోసిన కట్టెల మోపు ఆమె కళ్ళతో చూసినదే. ఒక్క మాటతో ఈ ఇంటి గొప్పంతా నేల మీద పెట్టగలదు. పెంచలయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఆమె ఆయన వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకుంది.

"గొప్పోళ్ళ సంగతులు నాకేం తెలుసయ్యా. నేను ఈ ఇంటోళ్ళకు ఏమీ కాను. గొడ్ల కాడ పని చేసుకునేదాన్ని."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. దెప్పినా పెంచలయ్య తట్టుకునేవాడు. ఆమె ఆయనను కాపాడాలనే అంది. రెండేళ్ళుగా ఆయన ఆమెకు నేర్పినదాన్నే, ఆయనకు అవసరమైన రోజున, ఆయన కోసం చెప్పింది.

"అబద్ధం చెప్తాండాది బావా" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఈమె నాకు చిన్నమ్మ. శీనయ్య చిన్నాయన భార్య. మాకు దాయాదులు వాళ్ళు. నెల్లూరాయన నాకేమీ కాడు. ముత్తాతలు అన్నదమ్ములని నేనే అల్లుకున్నా. ఆయన తలపాగా తప్ప మొగం కూడా చూళ్ళేదు నేను. మా నాయన కట్టెలు మోసుకుంటా ఈ ఊరికొచ్చినాడు. మా ఇంటిపేరు సంగతి ఇంతే."

మాల్యాద్రి ముఖం ఎర్రబడింది. బండి దగ్గరికి వెళ్ళి కాడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తలుపు చాటున నాగులమ్మ కళ్ళు మూసుకుంది.

"ఉదయగిరంతా చెప్పుకున్నా నేను, జువ్వులపాటోళ్ళతో వియ్యమని" అన్నాడు మాల్యాద్రి ఎటో చూస్తూ. "సత్రం ముందర బండి ఆపినప్పుడల్లా తోటోళ్ళకు చూపించినా, మా వియ్యాలోళ్ళదని. మొన్న కూడా చూపించినా." అంతలో ఆయనకే కొంచెం నవ్వొచ్చింది. "నా నోటికి కూడా తీపిగానే ఉండింది బావా. నిన్నొక్కడినే అనేదానికి లేదు."

వెనక్కి తిరిగి పిచ్చమ్మను చూశాడు. "ఈమె సంగతైనా నిజమేనా?"

"నిజం."

"ఈమె మొగుడు పోయినప్పుడు మైల పట్టినావా?"

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. మాల్యాద్రి శాస్త్రుల వైపు చూశాడు.

శాస్త్రులు గొంతు సవరించుకున్నాడు. "దాయాది చావు ఏడాది దాటాక తెలిస్తే, కట్టుబట్టలతో తలస్నానం చేస్తే సరిపోతుంది. ముహూర్తానికి అడ్డం లేదు. నీకు అప్పుడు తెలియలేదా పెంచలయ్యా?"

"తెలుసు సామీ. తెలిసీ తెలీనట్టు కూర్చున్నా."

"తెలియకపోతే ఏం చెయ్యాలో నేను చెప్పాను. తెలిసి ఊరుకున్నదానికి ఏం చెయ్యాలో నన్ను అడక్కు, ఆమెను అడుగు."

పెంచలయ్య పిచ్చమ్మ ముందుకు వెళ్ళాడు. "చిన్నమ్మా" అని చేతులు జోడించాడు.

పిచ్చమ్మ తట్ట పక్కకు జరిపింది.

"కడదాకా నిన్నే తలుచుకున్నాడు మీ చిన్నాయన" అంది. "వాడికి తీరిక లేక రాలేదు, వస్తాడులే అన్నాడు. నీమింద కోపంగా ఏం పోలేదు. నాకే ఉండింది కోపం, శానా ఉండింది." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "పో. పోయి నీళ్ళు పోసుకో."

ఆయన బావి దగ్గరికి వెళ్ళాడు. వైశాఖ మాసం, నీళ్ళు బాగా లోతున ఉన్నాయి. చేద వేస్తుంటే తాడు చేతిలోంచి జారింది. వెనకనుంచి ఎవరో ఆ తాడు అందుకున్నారు. మాల్యాద్రి.

"నువ్వు కూర్చో బావా" అన్నాడు. చేదతో నీళ్ళు తోడి ఆయన నెత్తిన పోశాడు. ఒక చేద, రెండు, మూడు. నీళ్ళ కింద పెంచలయ్య భుజాలు కదులుతున్నాయి. నీళ్ళలో ఏడుపు కనబడదు కాబట్టి ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు.

"ముహూర్తం మారదు గదన్నా?" మాలకొండమ్మ అడిగింది.

"మారదమ్మా. మా అమ్మకు చెప్పుకుంటా నేను. ఇప్పుడా మజ్జిగ తెచ్చి ఇయ్యి."

మాలకొండమ్మ చెంబు తేవడానికి పరుగున వెళ్ళింది. నాగులమ్మ పసుపు చేతులతోనే వచ్చి అవ్వ పాదాలకు మొక్కింది. తెల్ల చీర మీద పసుపు మరకలు పడ్డాయి. పిచ్చమ్మ దులుపుకోలేదు.

పెంచలయ్య తడి బట్టలతో వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండేళ్ళుగా ఆమె ఆయనను "అయ్యా" అనేది. అరుగు కింద నిలబడి, కొట్టం దగ్గర నిలబడి, అలాగే అనేది. ఇప్పుడు భుజం మీది పాత గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తల తుడుచుకోరా పెంచలా. జలుబు చేస్తాది" అంది.