నొక్కి మాట్లాడండి, వదిలి వినండి

పిచ్చుక వాళ్ళ నాన్నతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎదుటివాళ్ళ మాటను ఆయన ఎన్నడూ పూర్తి కానివ్వరు. సగం వినగానే మిగతా సగం తనే పూరించేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేసి, సమస్య తీరిపోయినట్టు చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళు కాపురం చేసిన అమ్మ దీనికో ఉపాయం కనిపెట్టుకుంది. ముఖ్యమైన సంగతులన్నీ ఆయన పళ్ళు తోముకునేటప్పుడే చెబుతుంది. నోట్లో నురగ ఉన్నంతసేపే ఆ ఇంట్లో ప్రజాస్వామ్యం.

దానికి తోడు ఆ గొంతు. నాన్న బిల్డింగ్ కాంట్రాక్టరు. గేటు దగ్గర నిలబడి "దించు" అన్నారంటే తొమ్మిదో అంతస్తులో ఉన్న మేస్త్రి చేతిలో ఏదుంటే అది దించేస్తాడు, టీ గ్లాసైనా సరే. క్రేనుకి సూచన, మొదటి బేస్‌మెంట్‌కి కబురు, లారీకి దారి, అన్నిటికీ అదే గొంతు.

ఆయన చిన్నప్పటినుంచీ పిచ్చుకా అని పిలిచే కూతురు ఇంజినీరింగ్ చదివి అదే సైటులో చేరింది. చేరిన కొత్తలోనే ఓ గాలివాన రోజు నాన్న "ఆపు" అని అరిచారు. ఆ మాటను గాలి ఎటో పట్టుకుపోయింది. క్రేను మాత్రం కాంక్రీటు బకెట్టును తెచ్చి, ఎంతో మర్యాదగా, నాన్న కారు మీద దించింది. కారులో ఎవరూ లేరు కాబట్టి దాన్ని ఇంకా నవ్వుతూ చెప్పుకోగలుగుతున్నారు.

"నాన్నా, మనకి వాకీటాకీలు..."

"వద్దంటావు. నేనూ అదే అంటున్నా. నా గొంతుండగా ఆ డబ్బాలెందుకు?"

మర్నాడే ఆమె వాకీటాకీల దుకాణానికి ఫోన్ చేసింది.

భుజాన రేడియో సెట్లున్న పెద్ద సంచీతో వచ్చిన దుకాణం అబ్బాయి గేటు దగ్గరే ఆగిపోయి, లోపలినుంచి వస్తున్న కేకలు కాసేపు శ్రద్ధగా విన్నాడు.

"ఆ అరుస్తున్నాయనకి వాకీటాకీ అమ్మడమంటే చేపకి గొడుగు అమ్మడమేనండీ" అన్నాడు, పక్కనున్న పిచ్చుకతో.

"ఆయన మా నాన్న."

అతను సంచీ వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. "గొంతు చాలా స్పష్టంగా ఉందండీ."

"ఇప్పుడు మాట సర్దుకోనక్కర్లేదు. సెట్లు తియ్యండి."

మూడు రకాలు తీశాడు. ఒకటి అరచేతిలో ఇమిడిపోయేది. ఒకటి నడుముకి తగిలించుకునేది. మూడోది ఇటుకంత ఉంది, దాదాపు అంతే బరువు.

"ఏది మంచిది?"

"నేను చెబితే ఏం లాభం? మీ బిల్డింగే చెబుతుంది."

చెప్పించుకోవడం మొదలుపెట్టారు. సెట్లను తడి ఇసుకలో పడేశారు, కుళాయి కింద కడిగారు. చేతికి తొడుగులు వేసుకుని చూడకుండా బటన్ దొరుకుతుందో లేదో చూశారు. కాంక్రీటు కలిపే మిషన్ పక్కన నిలబడి ఒకరినొకరు కుశలం అడిగారు. చివరికి ఆమె తొమ్మిదో అంతస్తు పైకెక్కింది, అతను కిందికి దిగాడు.

"మూడో అంతస్తు, మెట్ల దగ్గర. వినిపిస్తున్నానా?"

"వినిపిస్తున్నారు."

"మొదటి బేస్‌మెంట్."

చిన్న సెట్టు అక్కడే నోరు మూసుకుంది. మిగతా రెండూ రెండో బేస్‌మెంట్ దాకా పలికాయి.

"ఇక్కడ ఓ మూల నీళ్ళు నిలిచాయండీ" అంది అతని గొంతు, భూమి అడుగునుంచి, ఆమె చెవి పక్కనే. "పైనెక్కడో కన్నం ఉన్నట్టుంది, దాంట్లోంచి వెలుగు పడుతోంది. నీళ్ళు గోడ మీద ఆడుతున్నాయి. మీకేం కనిపిస్తోంది?"

అది పరీక్షకి సంబంధించిన ప్రశ్న కాదని పిచ్చుకకి తెలుసు. అయినా జవాబు చెప్పింది. "మబ్బు. చాలా దగ్గరగా ఉంది. చెయ్యి చాస్తే తడి అంటేలా ఉంది."

చాచింది కూడా. ఆ సంగతి మాత్రం సెట్టులో చెప్పలేదు.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు.

"నిన్న చూశాంగా అన్నీ?"

"నిన్న పొడి వాతావరణం. ఇవాళ వాన. వానలో మీ గొంతెలా వస్తుందో చూడాలి."

వానలో బాగానే వచ్చింది. ఆ తర్వాత ఎండలో, లారీలు వచ్చినప్పుడు, లారీలు రానప్పుడు కూడా చూశారు. ఆకాశంలో వేలాడే గదిలో కూర్చుని సైటంతా చూస్తుండే క్రేన్ మామయ్య చేతిలోనూ ఓ సెట్టు పెట్టారు. ఓ సాయంత్రం ఆయన ఉండబట్టలేక అడిగాడు. "అబ్బాయ్, ఏ సెట్టు పనికొస్తుందో ఇంకా తేల్లేదా? ఈపాటికి నేను బిల్డింగే కట్టేసేవాణ్ణి."

"బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో చూస్తున్నాం మామయ్యా" అంది పిచ్చుక.

"సెట్టుదా, అబ్బాయిదా?"

పిచ్చుక చటుక్కున సెట్టు కట్టేసింది.

ఆ రోజు వెళ్ళబోతూ అతను సంచీ జిప్పుతో కుస్తీ పడుతూ అన్నాడు. "మధ్యది తీసుకోండి. పెద్దది అమ్మితే నాకు లాభం, మీ వాళ్ళకి నడుంనొప్పి. మధ్యది చాలు. ఏళ్ళ తరబడి పాడవ్వదు. అదే నా బాధ."

"పాడవ్వకపోతే బాధేంటి?"

"పాడవ్వకపోతే నేను మళ్ళీ ఇటు రావడానికి కారణం ఉండదుగా." జిప్పు పడింది. తలెత్తాడు. "కారణం లేకుండా రావచ్చా, ఎప్పటికీ?"

ఆమెకి జవాబు నాలిక చివరే ఉంది. "ముందు ఇంట్లో ఒక మాట చెప్పాలి" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పబోయింది. "నాన్నా, పెళ్ళి గురించి నేను..."

"చేసుకుంటానంటావు. అంతేగా, ఇన్నాళ్ళకి నోరు విప్పావు. సిమెంటు డీలరుగారి అబ్బాయి ఎప్పణ్ణుంచో మనసులో ఉన్నాడు. ఆదివారం రమ్మంటాను."

"అది కాదు నాన్నా, ఆ రేడియో అబ్బాయి..."

"వాడి సంగతి నేనూ చూస్తున్నా. అమ్మడానికొచ్చాడు, సరుకు అంటగట్టేదాకా తియ్యగానే మాట్లాడతాడు. శనివారం ఆ సెట్లేవో నా ముందు చూపించమను, వద్దని పంపించేస్తా."

చొక్కా చేతులు మడుచుకుంటూ లేచిపోయారు. అమ్మ ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించి, "పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకోగానే చెప్పు" అంది.

"ఇది పెద్ద మాటమ్మా. నాన్న పళ్ళు అరిగిపోతాయి."

శనివారం సన్నగా వాన. గేటు దగ్గర నాన్న గొడుగు కింద, రేడియో అబ్బాయి వానలో. నాన్న చేతికి సెట్టు ఇచ్చి అతను నెమ్మదిగా చెప్పాడు. "నొక్కి మాట్లాడండి, వదిలి వినండి. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు నొక్కితే సెట్టు బీప్ అంటుంది, మాట వెళ్ళదు. క్రేనుకి ఇచ్చే సూచనకి ఎవరూ అడ్డు రాకూడదని అలా పెట్టాను. ఎవరైనా సరే ఒక నిమిషం దాటితే సెట్టే ఆపేస్తుంది."

నాన్న నొక్కి, ఈ డబ్బాలు ఎందుకు దండగో చెప్పడం మొదలుపెట్టారు. సెట్టు మధ్యలో ఆపేసింది. ఆయన జీవితంలో అలా చేసినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన సెట్టును తిరగేసి చూశారు.

ఆయన ముఖం చూస్తూ నిలబడ్డ పిచ్చుకకి ఏమనిపించిందో, ఇంకో సెట్టు తీసుకుని మెట్లు దిగింది. మొదటి బేస్‌మెంట్ దాటి, రెండో బేస్‌మెంట్‌కి. ఆ బిల్డింగ్ మొత్తంలో నాన్న గొంతు చేరని చోటు అదొక్కటే. నీళ్ళలో వెలుగు పడుతోంది. అతను చెప్పినట్టే గోడ మీద ఆడుతోంది. బటన్ నొక్కింది.

"నాన్నా, నేను పిచ్చుకని. క్రేన్ మామయ్యా, నువ్వు చెవులు మూసుకో. నాన్నా, పెళ్ళి గురించి నేనన్న మాట ఇంకా పూర్తి కాలేదు. సిమెంటు వాళ్ళబ్బాయిని నేను చేసుకోను. రేడియో అబ్బాయి నన్ను అడిగాడు. నీకు చెప్పకుండా జవాబు ఇవ్వకూడదని ఆగాను. మాటలతో బుట్టలో వేసేవాడైతే పెద్ద సెట్టు కొనమనేవాడు, వద్దన్నాడు. నేను మాట్లాడేటప్పుడు చివరిదాకా వింటాడు నాన్నా. అలా ఎవరైనా వింటే ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలీదు. నా జవాబు అవునని. అతనూ వింటున్నాడు, సరే, విననీ. నువ్వు కాదంటే నాకు ఏడుపొస్తుంది. కానీ కాదనే ముందు ఒక్కసారి మొత్తం విను."

వేలు తీసింది.

పైన జరిగిందంతా తర్వాత క్రేన్ మామయ్య చెప్పాడు, పైనుంచి అంతా చూస్తూ రెండు చెవులూ తెరుచుకునే విన్నాడు కాబట్టి. నాన్న మొదటి మాటకే బటన్ నొక్కారట. బీప్. మళ్ళీ నొక్కారు. బీప్. మెట్ల వైపు తిరిగి నోరు తెరిచి, అంత కిందికి చేరదని గుర్తొచ్చి మూసేశారట. ఆ తర్వాత సెట్టును చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడ్డారట. గొడుగు ఎప్పుడు పక్కకి ఒరిగిందో ఆయనకే తెలీదట.

కింద పిచ్చుక సెట్టునే చూస్తూ నిలబడింది. నీటి చుక్క పడింది. ఇంకోటి పడింది. తర్వాత సెట్టు గరగరలాడింది.

"పిచ్చుకా."

అంత చిన్న గొంతు నాన్నకుందని ఆమె ఎరగదు. అరవక్కర్లేదు కాబట్టి అరవడం లేదు.

"ఈ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. తడిసి ముద్దైపోయాడు. గొడుగు కిందికి రమ్మంటే మొహమాటపడుతున్నాడు. నువ్వొచ్చి చెప్పు, నా మాట వినేలా లేడు. సిమెంటు వాళ్ళకి రావద్దని నేనే ఫోన్ చేస్తా." బటన్ వదలకుండానే ఆయన ఆగారు. వెనక వాన చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు. "ఈ సెట్ల విషయంలో నేను పొరబడ్డాను. కుర్రాడి విషయంలోనూ పొరబడ్డాను. అన్నిటికన్నా, నువ్వు నోరు తెరిచిన ప్రతిసారీ నీ మాట నేనే చెప్పేశాను చూడు, అది పెద్ద తప్పు. తప్పు నాదే తల్లీ. ఇదిగో, బటన్ వదిలేస్తున్నా. చెప్పు."